సెల్ఫు తిరిగినా ఇంజను అందుకోదేం?

పిల్లలూ, పాతకారు ఉన్న ఇంటి దగ్గర తెల్లవారుజామున ఒక చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. గిర్రుగిర్రుమని ఇంజను తిరుగుతుంది, ఆగుతుంది. మళ్ళీ తిరుగుతుంది, మళ్ళీ ఆగుతుంది. "సెల్ఫు బాగానే తిరుగుతోందండీ, ఇంజనే అందుకోవటం లేదు" అంటాడు డ్రైవరు. చుట్టూ చేరినవాళ్ళలో ఒకరు ప్లగ్గులు పోయాయంటారు. మరొకరు పెట్రోలులో నీళ్ళు కలిశాయంటారు. ఇంకొక పెద్దమనిషి, "ఇవన్నీ ఎందుకు, నలుగురం పట్టి తోద్దాం" అంటాడు. అందరూ తలా ఒక మందు చెపుతారే కాని, జబ్బేమిటో కనుక్కుందామని ఒక్కరూ అనరు!

జబ్బు కనుక్కోవటం చాలా తమాషా అయిన పని. దానికి పెద్ద పనిముట్లేవీ అక్కరలేదు. కారు ఎలా నడుస్తుందో తెలిసి, ఒక వరసలో ఆలోచిస్తే చాలు.

నేను చెప్పబోయేది పాతకార్ల సంగతి. అంబాసిడర్లు, ఫియట్లు ఇప్పటికీ మన ఊళ్ళలో అక్కడక్కడా తిరుగుతూనే ఉన్నాయి. బెంగాలులోని ఉత్తరపారాలో 1950ల చివర మొదలైన అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. అయినా వాటిని ప్రాణంగా చూసుకునేవారు ఇంకా ఉన్నారు. ఈ పాతబళ్ళలో కంప్యూటరు ఉండదు. ఉన్నదంతా కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. అందుచేత బుద్ధి పెట్టి చూసేవారికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

ముందు సెల్ఫు అంటే ఏమిటో చూద్దాం. అది బ్యాటరీ కరెంటుతో తిరిగే మోటారు. దాని పని ఇంజనును మొదట నాలుగు చుట్లు తిప్పటమే. పూర్వం ఈ పని మనుషులు చేతులతో చేసేవారు. బండి ముందు నిలబడి, హ్యాండిలు దూర్చి, బలమంతా పెట్టి తిప్పేవారు. ఒక్కొక్కప్పుడు ఇంజను ఎదురుతన్ని చేతులు విరిగిన సందర్భాలు కూడా ఉన్నాయి. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు తయారుచేసిన ఎలక్ట్రిక్ సెల్ఫును 1912లో కాడిలాక్ కార్లకు పెట్టిన తరవాత ఆ అవస్థ తప్పుతూ వచ్చింది.

అయితే ఇంజను తిరగటం వేరు, నడవటం వేరు. విసనకర్రతో ఎంత విసిరినా, పొయ్యిలో నిప్పు లేకపోతే మంట వస్తుందా? ఇదీ అంతే. ఇంజనులో మంట పుట్టాలంటే మూడు కావాలి. పెట్రోలు ఆవిరీ గాలీ సరి అయిన పాళ్ళలో కలిసి సిలిండరులోకి రావాలి. ఆ మిశ్రమాన్ని పిస్టను గట్టిగా అదమాలి. అదిమిన సరి అయిన క్షణంలో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా సెల్ఫు తిరుగుతూనే ఉంటుంది, ఇంజను అందుకోదు.

పాళ్ళు అన్నాను కదా, ఆ లెక్క చిత్రంగా ఉంటుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలటానికి సుమారు 15 గ్రాముల గాలి కావాలి. ఒక లీటరు పెట్రోలు తూకం ముప్పాతిక కిలోకు కొంచెం తక్కువ. దానికి కావలసిన గాలి సుమారు 11 కిలోలు, అంటే దగ్గర దగ్గర 9 వేల లీటర్లు! కారు పెట్రోలు తాగుతుందని అంటాం కాని, అది తాగేదంతా ముఖ్యంగా గాలే.

ఈ జబ్బులు కొత్తవి కావు. మోటారుకారు పుట్టినప్పుడే పుట్టాయి. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో మోటారుబండికి పేటెంటు పొందాడు. కాని దానిమీద దూరప్రయాణం చెయ్యవచ్చునని ఎవరికీ నమ్మకం లేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్, భర్తకు చెప్పకుండా, కొడుకులు యూజెన్, రిచర్డ్‌లను వెంటపెట్టుకుని, ఆ మూడుచక్రాల బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరింది. దూరం సుమారు 100 కిలోమీటర్లు. దారిలో పెట్రోలు బంకులు ఎక్కడివి? వీస్‌లోక్ అనే ఊళ్ళో మందులషాపులో, మరకలు తుడవటానికి అమ్మే ద్రవాన్ని కొని బండిలో పోసుకున్నది. ఒకచోట ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోయింది. ఆమె తన టోపీకి గుచ్చుకునే పిన్ను తీసి దాన్ని పొడిచి బాగుచేసింది. మరొకచోట నిప్పురవ్వకు కరెంటు తెచ్చే తీగ ఒరుసుకుని పైతొడుగు పోయింది. మేజోటికి కట్టుకునే పట్టీ విప్పి దానికి చుట్టింది. చూశారా, ఒకటి ఇంధనం జబ్బు, రెండోది నిప్పు జబ్బు! ఆ తరవాత నూరేళ్ళపాటు ప్రపంచంలోని డ్రైవర్లు రోడ్ల పక్కన కుస్తీపట్టింది ఈ రెండు జబ్బులతోనే.

ఇక మన కారు దగ్గరకు వద్దాం. మొదట బానెట్ ఎత్తకుండా తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. సెల్ఫు చురుకుగా తిరుగుతోందా, ఈడ్చుకుంటూ తిరుగుతోందా? ఈడుస్తూ ఉంటే బ్యాటరీ నీరసించింది. అలాంటప్పుడు ఉన్న కరెంటంతా సెల్ఫే తినేసి, నిప్పురవ్వకు మిగల్చదు. టాంకులో పెట్రోలు ఉన్నదా? నవ్వకండి. ముల్లు సగం దగ్గర ఇరుక్కుపోయిన సంగతి తెలియక, ప్లగ్గులూ కాయిలూ కొత్తవి వేయించి, కార్బురేటరు కూడా విప్పించి, చివరకు టాంకు ఖాళీ అని కనుక్కున్న మహానుభావులున్నారు. తరవాత ముక్కుకు పని చెప్పాలి. పెట్రోలు వాసన ఘాటుగా కొడుతుంటే, పెట్రోలు రావటమే కాదు, ఎక్కువై ప్లగ్గులు తడిసి ఉంటాయి. ఎంత తిప్పినా వాసనే లేకపోతే పెట్రోలు రావటం లేదేమోనని అనుమానించాలి.

సెల్ఫును ఒక్కో విడతకు పది సెకండ్లకు మించి తిప్పకూడదు. తిప్పిన తరవాత కొంచెంసేపు ఆగాలి. చాలామంది ఇక్కడే పాడుచేసుకుంటారు. తాళం తిప్పి పట్టుకుని, అందుకుంటుందేమో అందుకుంటుందేమోనని చూస్తూ బ్యాటరీని చంపేస్తారు. అప్పుడు ఉన్న జబ్బుకు తోడు ఇంకొకటి వచ్చి చేరుతుంది.

ఈ తొందర ఎంత పని చెయ్యగలదో నేను ఒకసారి కళ్ళారా చూశాను. 1980లో, నేను ట్రైనింగు చదివే రోజుల్లో, శ్రావణమాసం ముసురులో ఒక రాత్రి మా పక్కింటి ఆడపిల్లకు నొప్పులు మొదలైనాయి. ఆసుపత్రి ఇరవై కిలోమీటర్ల దూరం. ఊరంతటికీ ఒక్కటే పాత టాక్సీ. పిల్లను ఎక్కించి కూచోబెట్టారు. సెల్ఫు రెండుసార్లు తిరిగింది, బండి అందుకోలేదు. పిల్ల తండ్రి గాభరాపడి, "ఇంకోసారి కొట్టు అబ్బాయీ, ఇంకోసారి కొట్టు" అంటున్నాడు. కాని డ్రైవరు తాళం మీదినుంచి చెయ్యి తీసేశాడు.

"కొట్టను బాబాయిగారూ. బ్యాటరీ కూడా పోతే మనం చేసేది ఏమీ ఉండదు. ఒక పొడిగుడ్డ ఇప్పించండి" అన్నాడు. ఎవరో లాంతరు తెస్తే, "అమ్మా, అది దూరంగా పెట్టండి, పెట్రోలు వాసన వస్తోంది. టార్చిలైటు ఉంటే చూపండి" అన్నాడు.

అతను సరాసరి డిస్ట్రిబ్యూటరు మూత తీశాడు. లోపల సన్నని చెమటలాగా తేమ పట్టి ఉన్నది. దాన్నీ, రోటరునూ, ప్లగ్గుల తీగలనూ పొడిగా తుడిచాడు. మూత బిగించాడు. తరవాత చోక్ లోపలికి నెట్టి, యాక్సిలరేటరు అడుగంటా తొక్కిపట్టి సెల్ఫు తిప్పాడు. రెండు తుమ్ములు తుమ్మి ఇంజను అందుకున్నది. తెల్లవారేసరికి ఆడపిల్ల పుట్టిందని కబురు వచ్చింది.

అతను మంత్రమేమీ వెయ్యలేదు. ముసురు రాత్రి, వాసన కొడుతున్న పెట్రోలు, చురుకుగా తిరిగే సెల్ఫు, ఈ మూడూ కలుపుకుని చూశాడు. పెట్రోలు వస్తోంది కనుక లోపం నిప్పులో ఉండాలి. వానలో నిప్పు పోయే చోటు ఆ మూత. ఎందుచేతనంటే అక్కడ తిరిగే కరెంటు సామాన్యమైనది కాదు. తేమ మీదుగా కూడా దారి చూసుకుని ఇంజను ఇనుములోకి జారిపోతుంది.

ఆ కరెంటు కథ కొంచెం వివరంగా చెపుతాను, ఎందుకంటే నాకు ఈ బండి మొత్తంలో అన్నిటికన్నా నచ్చిన భాగం అదే. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్గు కొన దగ్గర ఉండే సందు అరమిల్లీమీటరు పైచిలుకు. అదిమిన గాలిలో అంత సందును దాటి రవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. 12 ఎక్కడ, వేలు ఎక్కడ! ఈ వింత కాయిలులో జరుగుతుంది. కాయిలులో ఒక ఇనుప కడ్డీ చుట్టూ రెండు చుట్టలుంటాయి. ఒకటి లావు తీగ, కొన్ని వందల చుట్లు. రెండోది వెంట్రుకలాంటి సన్నతీగ, వేలకొద్దీ చుట్లు. లావుతీగలో కరెంటు పారుతున్నంతసేపూ కడ్డీ అయస్కాంతంగా ఉంటుంది. ఆ కరెంటును హఠాత్తుగా తెంచితే అయస్కాంతశక్తి ఒక్కసారిగా కుప్పకూలుతుంది. మారే అయస్కాంతశక్తి పక్కనున్న తీగలో కరెంటు పుట్టిస్తుందని మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టాడు కదా. కూలిపోవటం ఎంత వేగంగా జరిగితే అంత ఎక్కువ వోల్టులు పుడతాయి. లావుతీగలోనే రెండు మూడు వందల వోల్టులు లేస్తాయి. చుట్లు అనేక రెట్లు ఉన్న సన్నతీగలో అది పదిహేను, ఇరవై వేలకు పెరుగుతుంది.

అలా కరెంటును తెంచే పని పాయింట్లది. డిస్ట్రిబ్యూటరులో ఉండే ఈ చిన్న లోహపు బిళ్ళలు కలుసుకుంటూ విడిపోతూ ఉంటాయి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే, చుట్టుకు రెండు చొప్పున నిమిషానికి 6000 రవ్వలు, అంటే సెకండుకు నూరు! విడిపోయేటప్పుడు పాయింట్ల మధ్యనే చిటపటమని మెరుపు పుడితే తెగటం హఠాత్తుగా జరగదు. అలా కాకుండా చూసేదే పక్కనుండే బొటనవేలంత కండెన్సరు. అది పోతే పాయింట్లు మాడిపోతాయి, ప్లగ్గు దగ్గర రవ్వ నీరసిస్తుంది. కొన్ని కండెన్సర్లు చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, వేడెక్కగానే మొరాయిస్తాయి.

ఇక లోపం ఎక్కడ ఉన్నదో పట్టుకోవటం ఎలా? కాలువకింద వ్యవసాయం చేసే రైతును చూడండి. చివరి చేలోకి నీళ్ళు రాకపోతే అతను ప్రతి గట్టూ తవ్వుతూ పోడు. కాలువ నడుమనున్న తూము దగ్గరకు వెళ్ళి చూస్తాడు. అక్కడ నీరుంటే లోపం దిగువన, లేకపోతే ఎగువన. కారులో కూడా తెలివైన మెకానిక్కు ఇదే చేస్తాడు. ఒక ప్లగ్గు తీగ ఊడదీసి, దానికి ఇంకొక మంచి ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గు ఇనుప ఒళ్ళు ఇంజనుకు తాకేట్టు పెట్టి, సెల్ఫు తిప్పమంటాడు. నీలంగా, దిట్టంగా, టిక్కుటిక్కుమంటూ రవ్వ దూకితే నిప్పు ఉన్నట్టే. సన్నగా, పసుప్పచ్చగా ఉంటే జబ్బుగా ఉన్నట్టు. అసలు రాకపోతే కాయిలు నడిమి నుంచి డిస్ట్రిబ్యూటరుకు వచ్చే లావుతీగ దగ్గర అదే పరీక్ష చేస్తాడు. అక్కడ రవ్వ ఉంటే లోపం దిగువన, అంటే మూతలోనో, రోటరులోనో, ప్లగ్గు తీగల్లోనో. లేకపోతే ఎగువన, అంటే కాయిలో, పాయింట్లో, కండెన్సరో, వాటికి వచ్చే తీగలో.

ఎగువను కూడా ఒక చిన్న దీపంతో విడదీయవచ్చు. 12 వోల్టుల బల్బు ఒక తీగను కాయిలుకు పాయింట్ల వైపున్న కొసకూ, రెండోదాన్ని ఇంజను ఇనుముకూ తగిలించి సెల్ఫు తిప్పుతారు. పాయింట్లు విడినప్పుడు దీపం వెలుగుతుంది, కలిసినప్పుడు ఆరుతుంది. మిణుకుమిణుకుమంటే పాయింట్లు పనిచేస్తున్నాయి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవటం లేదు, బహుశా మురికి పట్టి ఉంటాయి. గట్టి కార్డుముక్క వాటి మధ్య పెట్టి లాగితేనే ఒక్కొక్కసారి బండి అందుకుంటుంది! అసలు వెలగకపోతే కాయిలుదాకా కరెంటే రావటం లేదు, లేదా పాయింట్లు విడటం లేదు, లేదా కండెన్సరు లోపల కలిసిపోయింది.

ఈ పరీక్షలు పెద్దవాళ్ళు చేస్తుంటే మీరు పక్కన నిలబడి చూడాలే కాని చెయ్యి పెట్టకూడదు. కాయిలు కొట్టే షాకు మనిషిని ఎగరవేస్తుంది. రవ్వ పరీక్ష చేసే చోట పెట్రోలు ఒలికి ఉండకూడదు. గేరు న్యూట్రలులో, హ్యాండ్‌బ్రేకు బిగించి ఉండాలి. వేలాడే కండువాలు, చున్నీలు ఫానుకు చుట్టుకుంటాయి.

శుభ్రం చెయ్యటానికని నాలుగు ప్లగ్గుల తీగలూ ఒక్కసారే పీకేవారున్నారు. ఏది ఎక్కడిదో గుర్తుండదు. అంబాసిడరులోనూ, ఫియటులోనూ సిలిండర్లకు మంట అందే వరస ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఈ వరస తప్పి తగిలిస్తే రవ్వ బ్రహ్మాండంగా ఉంటుంది, ఇంజను మాత్రం కార్బురేటరులోంచి దగ్గుతుందే కాని నడవదు.

నిప్పు బాగానే ఉంటే అప్పుడు పెట్రోలు దారి పట్టాలి. ఇది సులభమైనది. టాంకులోంచి పంపు పెట్రోలును లాగి కార్బురేటరులోని చిన్న తొట్టిలోకి పంపుతుంది. తొట్టి నిండగానే అందులోని తేలుడుబుడ్డి లేచి, సూదితో దారి మూసేస్తుంది. ఎయిర్‌ఫిల్టరు తీసి, కార్బురేటరు గొంతులోకి చూస్తూ యాక్సిలరేటరు కడ్డీని చేత్తో కదిలిస్తే, చాలా కార్బురేటర్లలో సన్నని పెట్రోలు ధార కనిపిస్తుంది. కనిపిస్తే తొట్టిలో పెట్రోలు ఉన్నట్టే. లేకపోతే పంపులోని పొర చిరిగిందో, ఫిల్టరు పూడిందో, సూది ఇరుక్కున్నదో చూడాలి.

టాంకు మూతకు ఉండే సన్నని రంధ్రం సంగతి చాలామందికి తెలియదు. నూనెడబ్బాకు ఒక్క బొక్కే పెట్టి వంపితే నూనె గొట్టుగొట్టుమని ఆగిపోతుంది. రెండో బొక్క పెడితే ధారగా వస్తుంది. టాంకు కూడా అంతే. ఆ రంధ్రం పూడిపోతే, కొంతదూరం నడిచి బండి ఆగుతుంది. మూత తియ్యగానే ఉస్సుమని గాలి లోపలికి పోతుంది. ఆ తరవాత బండి ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది!

రెంటచింతల, రామగుండం ఎండల్లో ఇంకొక చిక్కు. పెట్రోలులోని తేలికపాళ్ళు 40 డిగ్రీల లోపే ఆవిరికావటం మొదలుపెడతాయి. వేడి ఇంజను పక్కనున్న గొట్టంలో ఆవిరి నిండితే పంపు దాన్ని లాగలేదు. అందుకే పాత డ్రైవర్లు బండి నీడన ఆపి, పంపుమీద తడిగుడ్డ వేసి, ఒక టీ తాగి వచ్చేవారు. టీ వంకమాత్రమే, బండి చల్లబడటానికి ఆ వ్యవధి కావాలి.

ఇప్పుడు కొత్తగా ఇథనాలు చిక్కు వచ్చింది. 2025 నాటికి మన దేశంలో అమ్మే పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళు ఇథనాలు కలపటం మొదలైంది. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది. పాతకార్లలోని రబ్బరు గొట్టాలూ, పంపుపొరలూ దానికి తట్టుకునేట్టు చేసినవి కావు. ఉబ్బుతాయి, చిరుగుతాయి. నెలల తరబడి కదలని కారులో అయితే పెట్రోలు తేలికపాళ్ళు కూడా ఎగిరిపోయి, మంట అంటుకోనంత పాతబడుతుంది. అలాంటి బండికి ముందు తాజా పెట్రోలు పోసి చూడటం మంచిది.

నిప్పూ ఉన్నది, పెట్రోలూ వస్తోంది, అయినా అందుకోదు. అలాంటప్పుడు మిగిలింది అదమటం. మంచి ఇంజనును సెల్ఫు తిప్పేటప్పుడు బరువు ఎత్తుతున్నట్టు, దించుతున్నట్టు ఒక లయ వినిపిస్తుంది. ఆ లయ పోయి, ఉత్తచక్రంలాగా ఒకే తీరుగా, తేలిగ్గా, వేగంగా తిరుగుతుంటే లోపల అదమటం లేదన్నమాట. అప్పుడు డిస్ట్రిబ్యూటరు మూత తీసి, ఎవరినైనా సెల్ఫు తిప్పమని రోటరును చూడాలి. ఇంజను తిరుగుతున్నా రోటరు కదలకుండా నిలబడి ఉంటే, దాన్నీ వాల్వులనూ నడిపే టైమింగు చెయిను తెగిందేమో. అది రోడ్డుపక్కన బాగయ్యేది కాదు. ఇంక సెల్ఫు ముట్టుకోకుండా బానెట్ మూసి, బండిని షెడ్డుకు లాగించుకుపోవలసిందే.